చీఫ్ గారి తుంటి

“మళ్లీ పరీక్షా? ఇది మూడోసారి! ఆయనేమైనా నీకు తండ్రా, తాతా?” అన్నాడు తోటి పనివాడు ఒకెజీ, యంత్రంలో బిగించిన తుంటి కీలు వంక చూస్తూ.

నైజీరియాలోని ఎనుగు నగరంలో, ఆ చిన్న వర్క్‌షాపులో కృత్రిమ కీళ్లకు రూపం గీసే ఇంజనీరు ఉలోమా. కాలబార్ నుంచి వచ్చి ఆర్నెల్లే అయింది. ఎవరితోనూ పెద్దగా కలవదు.

“చీఫ్ ఉదే గారి తొడ ఎముక అందరిలాంటిది కాదన్నా. పైన వెడల్పు, కింద సన్నం. పైగా ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. దిగుమతి కీలు ఒక్కటీ అందులో దిగదు. అందుకే కాడ, మెడ, తల వేర్వేరుగా చేశాను. ఆపరేషన్ బల్ల మీదే సరిపోయేవి చూసి బిగించుకోవచ్చు. బిగించినచోట విరిగిందో, అంతా మట్టిపాలే.”

“విరిగితే లండన్ పోతాడు! ఆయనకు కావలసిందీ అదేగా. ఈ తుంటి ఈ దేశంలో బాగుపడదని ముగ్గురు డాక్టర్ల చేత రాయించుకున్నాడు. నువ్వే పనిగట్టుకుని పేపర్లకెక్కించావు, ఇక్కడే చేస్తామని. స్వదేశీ సరుకే వాడమని ఊరూరా ఉపన్యాసాలు దంచిన నాయకుడు! కాదనలేక కుక్కిన పేనులా ఒప్పుకున్నాడు.”

“ఆయన లండన్ వెళ్లకూడదు,” అంది ఉలోమా.

“అబ్బో! పెద్దవాళ్ల కాళ్లు పట్టుకునేవాళ్లను చూశాను గానీ, తుంటి పట్టుకున్నదానివి నువ్వేనమ్మా!”

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. కీలు సరిపోకపోతే మళ్లీ విమానం మాట లేస్తుంది. ఆ భయంతో వారం రోజులుగా ఆమెకు తిండి సహించడం లేదు. పొద్దున టిఫినుకని కొన్న ఒక్పా పొట్లం విప్పనైనా లేదు.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. డాక్టర్ అనేకె బయటికి రాగానే ఉలోమా ఎదురెళ్లింది.

“గంటసేపు నిలబడగలడా డాక్టర్ గారూ?”

“ఎవరైనా ఎంత దూరం నడుస్తాడని అడుగుతారు. నువ్వేంటమ్మా, నిలబడటం అడుగుతావు?”

“నిలబడితే చాలండీ.”

డాక్టరు నవ్వాడు. “నీ కీలు అచ్చుగుద్దినట్టు కూర్చుంది. గంటేం ఖర్మ, పూటంతా నిలబడతాడు.”

ఆరు వారాలు గడిచాయి. చక్రాల కుర్చీ వదలడానికి చీఫ్ ససేమిరా అన్నాడు. “నాలుగేళ్లు కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు తొందరేమొచ్చింది?” అని విసుక్కున్నాడు. కానీ పేపరువాళ్లు గుమ్మంలోనే ఉన్నారు. భార్య చెయ్యందించింది. తప్పక లేచాడు. ఒక అడుగు, రెండు, పది... వార్డంతా చప్పట్లు మోగాయి. కెమెరాల ముందు ఆయన ముఖాన నవ్వు పులుముకున్నాడు.

“ఈ కీలు చేసింది ఈవిడే,” అని డాక్టరు ఉలోమాను ముందుకు నెట్టాడు.

ఆమె ముఖం వంక సరిగా చూడకుండానే చీఫ్ చెయ్యెత్తాడు. “భేష్! ఏం కావాలో కోరుకో తల్లీ.”

“మీరు నిలబడ్డారు చీఫ్ గారూ. అంతకన్నా నాకేం వద్దు.”

“విన్నారా! బంగారం లాంటి మనిషి!” అన్నాడాయన పేపరువాళ్లతో.

ఉలోమా వరండాలోకి వచ్చింది. ఉగ్గబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గౌను చేతితోనే కళ్లు తుడుచుకుని ఫోన్ చేసింది.

“తుంటి పేరు చెప్పి ఇక కోర్టు వాయిదాల్లేవు లాయరు గారూ, నా కొడుకును చంపినవాడు లేచి నిలబడ్డాడు.”