కొలిమి స్థలం

“ఆ కళ్ళద్దాల మాస్టారు మా నాన్న పేరు మింగేశాడు!”

తోలు ఆప్రాన్ కూడా విప్పకుండా వెల్డర్ బడి కంప్యూటర్ గదిలోకి దూసుకొచ్చాడు. ఆరో తరగతిలో మానేశాక బడి గడప తొక్కడం ఇదే మొదలు. “మా క్లాసుకొచ్చి తాత కథ చెప్పు నాన్నా” అని కూతురు ఏడాదిగా బతిమాలుతున్నా, “చదువురానివాణ్ణి, నా మాట ఎవడు వింటాడే” అని కసురుకునేవాడు. నిన్న సాయంత్రం ఆ పిల్లే ఫోన్లో బడి సైటు తెరిచి, సోషల్ పాఠం రెండుసార్లు చదివి వినిపించింది. వీధి గ్రంథాలయానికి స్థలమిచ్చింది కలప డిపో ఆసామి అట! రేపు గ్రంథాలయం గోడమీద ఆ పేరే రాయిస్తారట!

“రాసిందెవరో తర్వాత చూద్దాం. తప్పని మీకెలా తెలుసు?” అన్నాడు సోషల్ మాస్టారు, కళ్ళద్దాలు సర్దుకుంటూ తాపీగా.

“ఎలా తెలుసేమిటండీ! ఆ మూడు సెంట్లూ మా నాన్నవి. అక్కడ మా కొలిమి ఉండేది. గ్రంథాలయం మెట్ల పక్కన తవ్వండి, కొలిమిలోంచి రాలిన ఇనుప చిట్టెం దొరక్కపోతే నన్నడగండి.”

గదిలోని పిల్లలంతా చూద్దామంటూ లేచారు. గ్రంథాలయం వీధి చివరే. జానెడు తవ్వగానే నల్లటి గడ్డలు బయటపడ్డాయి. వెల్డర్ మీసం దువ్వాడు.

“కొలిమి ఉంటే స్థలం మనదైపోతుందా? అద్దెకుండొచ్చుగా?” అంది పిల్లల్లోంచి కూతురు.

“నువ్వెవరి వైపే?”

“సైటులో ప్రతి పాఠం కిందా అడిగే ప్రశ్నలివే నాన్నా. ఇంకెవరికి తెలుసు? చెబితే వాళ్ళకేం లాభం?”

వెల్డర్ ఎదురిల్లు చూపించాడు. “డిపో ఆసామి భార్య ఉంది. కానీ మొగుడి పేరు పోయే మాట ఆవిడెందుకు చెబుతుంది?”

“చెప్పిందంటే మాత్రం నమ్మాల్సిందే” అన్నాడు మాస్టారు.

వరండాలో కుర్చీలో ఉన్న ముసలావిడ బోసినోటితో నవ్వింది. “మా ఆయనిచ్చింది పైకప్పుకి కలపేనయ్యా. స్థలం కమ్మరిదే. కాగితాలు రాసుకున్ననాడు అందరికీ టీ పెట్టింది నేనేగా!”

మాస్టారు అక్కడికక్కడే ఫోన్లో పాఠం సరిచేశాడు. తండ్రి పేరు తెరమీద కనబడగానే వెల్డర్ కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా మసి పూసుకున్నాడు.

“వచ్చేవారం కొలిమి పని కూడా చెబుతాను మాస్టారూ. మీ పిల్లలు భలే నిలదీస్తున్నారు.”

“తప్పకుండా రండి.”

“సరేగానీ, ఇంతకీ ఆ అబద్ధం రాసిన మహానుభావుడెవరు?”

కూతురు తన చెప్పుల వంక చూసుకుంటోంది. మాస్టారు నవ్వాపుకుంటూ పేజీని అడుగున ‘రాసినవారు’ అన్నచోటుదాకా జరిపి, ఫోను చేతికిచ్చాడు.

వెల్డర్ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

తన కూతురి పేరు.