నాగేశ్వరి ఒళ్లో డబ్బా

“ఆ డబ్బా కింద పెట్టుండ్రమ్మా. ఒళ్లె ఎందుకు బరువు?” అన్నాడు లింగస్వామి, ఆటో స్టార్ట్ చేస్తూ.

“వద్దులే బాబూ, నా దగ్గరే ఉండనీ,” అంది వెనక కూర్చున్న నాగేశ్వరి. తడి తువ్వాలు చుట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

2010 జనవరి. తెలంగాణ బంద్. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఆంధ్ర నుంచి వచ్చే బస్సుల్ని హయత్‌నగర్‌లోనే ఆపేశారు. ఆవిడ అక్కణ్ణుంచి డబ్బా మోసుకుంటూ నడిచి వచ్చిందట. యాభై దాటి ఉంటాయి. ఒక కాలి చెప్పు తెగింది. పేషెంటుని దవాఖానలో దింపి ఇంటికి పోతున్న లింగస్వామి, దిల్‌సుఖ్‌నగర్ దాకా దింపమని ఆవిడ బతిమాలితే కాదనలేకపోయాడు.

“ఏ ఊరమ్మా?”

“కోనసీమ బాబూ. చమురు బావులున్నాయే, ఆ వైపు.”

స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆటో ఎగిరిపడింది. గుప్పుమని వాసన వచ్చింది. గ్యాసునూనె వాసన.

ఆ వాసన లింగస్వామికి కొత్త కాదు. మొన్న చలి మొదలైన రోజుల్లో, తమ ఊరి మట్టయ్య కొడుకు ఉద్యమం కోసమని ఒంటిమీద కిరోసిన్ పోసుకుని అంటించుకున్నాడు. ఇదే ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికింది లింగస్వామే. గేటు దాకా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు పిల్లగాడు. లోపలికి తీసుకుపోయాక మాట్లాడలేదు.

ఇప్పుడు అటువైపు వాళ్లు కూడా రాష్ట్రం విడగొట్టొద్దని రోడ్లెక్కారు. ఈమె కూడా...

“దిల్‌సుఖ్‌నగర్ల మీకెవరున్నరమ్మా?”

“ఎవరూ లేరు.”

“మరి గీ బంద్‌ల ఎందుకొచ్చిండ్రు?”

ఆవిడ గొంతు తగ్గించి, “ఎల్లుండి మా ఊళ్లో సభ ఉంది. ఆలోపే ఈ పని అయిపోవాలి. ఇంటికొకరం కూర్చుని అనుకున్నాం. ఎవరో ఒకరు వెళ్లాలి కదా? నేనెళ్తానన్నాను,” అంది.

“మీ ఇంట్ల ఒప్పుకున్నరా?”

“ఒప్పుకోడానికి ఎవరున్నారు బాబూ? పోయినేడు మా ఆయన పోయాడు. నాకింక భయమేంటి?”

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. వాళ్లకు చెబుదామనుకున్నాడు లింగస్వామి. పోలీసుల్ని చూసి ఆవిడ ఇక్కడే అంటించుకుంటే? ఆటో వాళ్లను దాటిపోయింది.

“అర్జీ పెట్టుకుంటే కాదా అమ్మా? పెద్దసార్లు ఉంటరు గద.”

“ఎన్ని పెట్టాం! ఒక్కరూ నమ్మలేదు. ఇది చూశాకైనా నమ్ముతారు.”

లింగస్వామి అద్దంలోకి చూశాడు. ఆవిడ తువ్వాలు విప్పింది. డబ్బా మూత మీద చెయ్యి వేసి తిప్పుతోంది.

“ఏం జేస్తున్నరమ్మా!”

“కారుతోంది బాబూ...”

ఆటో కీచుమంటూ ఆగింది. లింగస్వామి కిందికి దూకి, డబ్బాను ఒక్క గుంజు గుంజి, రోడ్డు పక్క మోరీ కాలువ వైపు పరుగెత్తాడు. మూత ఊడబీకి వంచేశాడు.

“పారబొయ్యకు బాబూ! నీ కాళ్లు పట్టుకుంటాను!” నాగేశ్వరి వెనకాలే వచ్చి అతని చేతిని రెండు చేతులతో పట్టి వేలాడింది. “ఊరంతా దానిమీదే ఆశ పెట్టుకుంది!”

“ఊరంత గల్సి నిన్ను సావుమన్నదా?” అని అరిచాడు లింగస్వామి. “మా మట్టయ్య కొడుకు నా ఆటోలనే కాలిన ఒంటితోని ఏడ్సిండమ్మా. గిదే వాసన. ఇంకొకల్లను మోసుడు నాతోని కాదు. నన్ను సంపినా సరే, నిన్ను పోనియ్య!”

అతని కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

నాగేశ్వరి పట్టు వదిలేసింది. అతని మొహంలోకి చూసింది. అతను దేనికి భయపడ్డాడో అప్పటికి ఆవిడకు తెలిసింది.

“అయ్యో నా తండ్రీ,” అంది. “కాల్చుకోడానిక్కాదు బాబూ. ల్యాబులో ఇవ్వడానికి. బందైనా లోపలే ఉంటాను, షట్టరు కొట్టండి అన్నాడు ఆ ల్యాబాయన.”

“ల్యాబా?”

“ఎల్లుండి కంపెనీ వాళ్లు మా ఊళ్లో ఇంకో చమురు బావి తవ్వుతామని సభ పెడుతున్నారు. వాళ్లు చేయించిన పరీక్షలో ఏ దోషమూ లేదనే వస్తోంది. అందుకే ఊరివాళ్లమే చందా వేసుకుని వేరే చోట చేయించి, ఆ కాయితం కలెక్టరు గారి ముందు పెడదామనుకున్నాం. పోయినసారి మా కుర్రాణ్ణి పంపితే దారిలో ఎవరో ఆపి పారబోయించారు. అందుకే ఎవరడిగినా చెప్పొద్దన్నారు.”

లింగస్వామి డబ్బాలోకి చూశాడు. సగానికి పైగా మిగిలి ఉంది. మోరీలో పడ్డదాని మీద రంగురంగుల తెట్టు మెరుస్తోంది. అతనికి సిగ్గేసింది. డబ్బా తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

“మిగిలింది సరిపోతదా అమ్మా?”

“చాల్లే బాబూ.”

“నాకొకటి సమజ్ గాలె,” అన్నాడు, ఆటో ఎక్కబోతూ ఆగి. “గ్యాసునూనెను ల్యాబుల పరీక్ష చేసుడు ఎందుకు?”

నాగేశ్వరి తువ్వాలు మళ్లీ చుట్టి, డబ్బాను ఒళ్లోకి తీసుకుంది.

“ఇవి మేం తాగే నీళ్లు బాబూ.”