ఒక్క తాడు

పెద్దాయన తాడు చుట్టను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బల్లకు అవతల కూర్చున్న స్టోర్స్ ఆఫీసరును అందరూ నిప్పుగారు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆయనకూ అది ఇష్టమే. చీపుళ్ళ దగ్గర్నుంచి తాళాల దాకా ఆ ఆఫీసుకు ఏం కొన్నా ఆయన సంతకం పడాలి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు గడ్డి తిని మేడలు కట్టారు. ఈయన ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాడు. సరుకు అమ్మేవాళ్ళ చేతి టీ కూడా ముట్టడు. నిప్పుకు చెదలు పట్టవని తన గురించి తనే చెప్పుకుంటాడు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. కొనడం వరకే తన పని. కొన్నది ఎవరి కోసమో, వాళ్ళ పేరేమిటో అడగడు. అడిగితే పక్షపాతం వస్తుందట.

గుమాస్తా తాడు విప్పి లాగి చూశాడు. పురి వదులుగా ఉంది. లోపలి పోగులు నల్లబడి ఉన్నాయి.

"ఇదేంటి పెద్దాయనా?" అన్నాడు నిప్పుగారు. "మీ తాతల కాలం నుంచీ ఈ తాడు మీ ఇంటి నుంచే వస్తోంది. మీరు పేనితే ఏనుగును కట్టినా తెగదంటారు. దీనికి మేకను కట్టినా ఆగేలా లేదే."

"వయసు మీద పడింది బాబూ. చేతుల్లో పస తగ్గింది. ఈ ఒక్కసారికి తీసుకోండి."

"రూలు కాబట్టి అడుగుతున్నాను. మా దగ్గర మీ చుట్టాలెవరైనా పని చేస్తున్నారా?"

"పని చేసేవాళ్ళెవరూ లేరు బాబూ."

వెనక పెరట్లో దూలానికి తాడు కట్టి ఇసుక బస్తా వేలాడదీశారు. కట్టిన చెయ్యి తియ్యగానే బస్తా దభీమని కింద పడింది. గుమాస్తా పగలబడి నవ్వాడు. వేరే ఎవరైనా అయితే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళు. పెద్దాయన మాత్రం తెగిన కొసను చేతిలోకి తీసుకుని, మనవణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

నిప్పుగారికి ఒళ్ళు మండింది.

"ఇంకో ఊళ్ళో ఏమైందో తెలుసా? మాలాంటి ఆఫీసే. ఇలాగే తాడు తెగింది. తలపెట్టిన పని అక్కడికక్కడే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ స్టోర్స్ ఆఫీసరు ఉద్యోగం ఊడింది."

"విన్నాను బాబూ," అన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం ఆయన నిప్పుగారి ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చేతిసంచి విప్పాడు. భార్య గాజులు, ఇంటి కాగితాలు.

"ఇవి ఉంచుకోండి. నా తాడే కొనండి. తెగితే ఆ నింద నేను మోస్తాను."

నిప్పుగారు నోరు వెళ్ళబెట్టాడు. ఎన్ని లంచాలు కాదన్నాడో ఆయనకే గుర్తులేదు గానీ, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. "పావలా కోడికి ముప్పావలా మసాలానా? ఒక్క తాడుకు ఇల్లు రాసిస్తారా ఎవరైనా? ఈ తాడు అమ్ముడుపోకపోతే పస్తులుంటారా?"

"తిండికేం లోటు లేదు బాబూ. తినబుద్ధి కాదు, అంతే."

అంటూనే కాళ్ళ మీద పడ్డాడు. నిప్పుగారి భార్యకు మనసు ఆగలేదు.

"ఏమండీ, ఒక్క తాడేగా. మీ నాన్నగారి వయసుంటుంది ఆయనకి."

"నువ్వు లోపలికెళ్ళు. తరతరాలుగా వస్తున్న పేరు పోతుందని ఈయన ఏడుపు. పరువు పిచ్చి. ఇవాళ తాడు దగ్గర జాలిపడితే రేపు తాళం దగ్గర పడాలి." కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "పోలీసులకు పట్టివ్వట్లేదు. నేను చెయ్యగలిగిన మేలు అదొక్కటే. వెళ్ళండి."

పెద్దాయన గాజులు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. ఒకటి దొర్లి మెట్ల కిందకు పోతే, నిప్పుగారే వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు. పరాయి సొమ్ము ఆయన ఇంట్లో ఉండకూడదు.

తర్వాత అంతా పద్ధతి ప్రకారం జరిగింది. పెద్దాయన పేరు కొట్టేశారు. కొత్త కంపెనీ తాడు తెప్పించారు. దానికి రెండు బస్తాలు కట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేశారు. చెక్కు చెదరలేదు. విషయం పైదాకా పోయింది. తాడు వాడే రోజు పెద్దసారు నిప్పుగారిని లోపలికి పిలిపించి, పదిమంది ముందు భుజం తట్టాడు.

నిప్పుగారు బయటికొచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పెద్ద గేటు ముందు పెద్దాయన, ఆయన భార్య నేల మీద కూర్చుని ఉన్నారు. మనిషి ఎంత మొండివాడో అనుకున్నాడు నిప్పుగారు. తాడో పేడో తేల్చుకునేదాకా వదిలేలా లేడు. కానీ ఆ పూట తన మనసు బాగుంది. దగ్గరికి వెళ్ళాడు.

"తాడు తెగలేదా బాబూ?" అని అడిగాడు పెద్దాయన.

"తెగడమా? ఒక్క పోగు కూడా లేవలేదు. సరుకంటే అలా ఉండాలి."

పెద్దావిడ భర్త భుజం పట్టుకుంది. పెద్దాయన తల ఊపాడు, అంతే.

"బాధపడకండి," అన్నాడు నిప్పుగారు. "ఈసారి మంచి తాడు పేనుకు రండి. నేనే దగ్గరుండి పరీక్ష చేయిస్తాను."

అంతలో గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. వార్డరు తల బయటపెట్టి, ఇందాక ఉరి తీసిన కుర్రాడి శవం తీసుకెళ్ళడానికి ఎవరొచ్చారని అడిగితే, పెద్దాయన చెయ్యెత్తాడు.