సంతకాల కట్ట

"అన్నగారూ, ఈ కట్ట కెప్టెన్ చేతికే వెళ్లాలి. ఓడ కదిలాక పంపితే చెల్లదు."

కొత్త గుమాస్తా కళ్ళజోడాయన కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, మళ్లీ యజమాని గదిలోకి వెళ్లిపోయాడు. తలుపైనా తట్టకుండా!

పెద్ద గుమాస్తాకి ఒళ్లు మండింది.

ఆ ఓడల కంపెనీలో మనిషి విలువకి ఆయన దగ్గర ఒకటే కొలత. యజమాని గదికి ఎవరి కుర్చీ ఎంత దగ్గర? తాను వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఆ గదికి ఆరడుగుల దూరంలోకి చేరడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

వీడు చేరి ఆరు వారాలు. కుర్చీ ఏకంగా లోపలే.

"అంత ముఖ్యమైన కాగితాలేంటండీ అవి?" అడిగింది టైపిస్టు.

"పదకొండు ఆసుపత్రుల పెద్ద నర్సుల సంతకాలమ్మా! ఏ జనరేటరు ఏ వార్డుకో, ఏ మందుపెట్టె ఎవరికో. పెట్టె పెట్టెకీ జాతకం రాయించాడు మహానుభావుడు."

"మంచిదేగా. మన ఓడలు దారిలోనే ఆగిపోతున్నాయి కదండీ."

అది నిజమే. యుద్ధం నడుస్తూనే ఉన్నా, శత్రుదేశం వాడు ఇప్పుడు ఓడల మీద ఫిరంగి పేల్చడం మానేశాడు. ఓడ దారిలో ఏ పరాయి రేవులో ఆగినా అక్కడి కోర్టుకి వెళ్తున్నాడు. 'ఇది సైన్యం సరుకు, అంతర్జాతీయ చట్టం ప్రకారం ఆపండి' అని ఒక్క అర్జీ. కేసు తేలేసరికి మందులు పాడైపోతున్నాయి.

"ఇన్నాళ్లూ ఓడలు నీళ్ల మీద నడిచాయా, కాగితాల మీద నడిచాయా?" అన్నాడు పెద్ద గుమాస్తా.

మనసులో లెక్క వేసుకున్నాడు. కట్ట లేకుండానే ఓడ క్షేమంగా చేరితే, కళ్ళజోడు ఖరీదు సున్నా. కుర్చీ బయటికొచ్చేస్తుంది.

చేరకపోతే? ఆ వైపు లెక్క వేయలేదు. ఇంకెవరైనా ఇలా ఒక వైపే లెక్క వేస్తే, వెర్రివాడని నవ్వేవాడు.

కట్ట సొరుగులోకి వెళ్లింది. ఓడ సముద్రంలోకి వెళ్లింది.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. రెండో రేవులో ఓడని ఆపేశారు. జనరేటర్లు సైన్యానివేనట.

యజమాని గదిలోంచి విసురుగా వచ్చాడు. "సంతకాల కాగితాలు లేవంటాడేమయ్యా కెప్టెన్?"

"నాకెవరూ ఇవ్వలేదయ్యా."

కళ్ళజోడాయన నిర్ఘాంతపోయాడు. "అన్నగారూ, మీ బల్ల మీదే పెట్టాను కదా!"

"అయ్యా, ఆరు వారాల మనిషి మాట నమ్ముతారా, ఇరవై రెండేళ్ల మనిషి మాట నమ్ముతారా?"

యజమాని ఇరవై రెండేళ్లనే నమ్మాడు.

కళ్ళజోడాయన ఉద్యోగం ఊడింది. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"పిల్లల వార్డులో పాత జనరేటరు ఇంకో వారం కంటే నడవదు. ఈలోపు ఏదో ఒకటి చూడండయ్యా."

అంతే. వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే పెద్ద గుమాస్తా కుర్చీ లోపలికి చేరింది. వెనక్కి వాలి కూర్చుంటే, ఆరడుగులు ఇంత చిన్న దూరమా అనిపించింది.

రెండు రోజులకి, ఓడని విడిపించడానికి యజమాని కుదుర్చుకున్న ప్లీడరమ్మ వచ్చింది. శత్రువు వేసిన అర్జీని రెండుసార్లు చదివి పక్కన పెట్టింది.

"దీన్ని ఎదుర్కోవడం నా ఒక్కదానివల్ల కాదు. ఆయన మీ దగ్గర ఉన్నాడని విని, పక్కనుంటాడనే ఈ కేసు ఒప్పుకున్నాను. ఎక్కడ?"

"ఎవరమ్మా?"

"బక్కగా ఉంటాడు. దళసరి కళ్ళజోడు."

యజమాని గొంతు తగ్గింది. "పంపించేశాం. ఎక్కడుంటాడో కూడా తెలియదు."

"ఒక గుమాస్తా వల్ల అయ్యేదేముందండీ?" అన్నాడు పెద్ద గుమాస్తా కొత్త చోటి నుంచే.

ప్లీడరమ్మ ఆయన వైపు తిరిగింది.

"శత్రువు తరఫున ఈ అర్జీని మొట్టమొదట రాసిన వకీలు ఆయనే. దానివల్ల ఒక ఆసుపత్రి చీకటైపోయిందని తెలిశాక, తన అర్జీని తానే ఓడించాలని దేశం వదిలి వచ్చి మీ దగ్గర గుమాస్తాగా చేరాడు."