గోడకి ఇవతలి ముత్యాలు

“వాననీళ్ళతో మెట్లు కడిగావా?”

“బకెట్లో నీళ్ళున్నాయి, మెట్ల మీద మట్టి ఉంది. కడిగాను.”

“ఇంట్లో కుళాయి లేదా?”

“ఉంది. మీ మొక్కకి పనికిరాని నీళ్ళు మెట్లకి పనికొస్తాయని మర్చిపోయాను,” అంది ఇల్లాలు.

గడియారాలు బాగుచేసే ఆమె భర్త ఖాళీ బకెట్ వంక, ఆగిపోయిన గడియారాన్ని చూసినట్టు చూశాడు. “కాలేజీలో మొక్కల గురించి చదివావు కదా. కాగితం మీది చదువు ఇలాగే ఉంటుంది.”

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఆయన పెంచే వింటర్‌గ్రీన్ జాతి పొదమొక్కకి సున్నం పడదు. కుళాయి నీళ్ళలో అదే ఉంటుంది గనక వాననీళ్ళు పట్టి పోయాలి. కుళ్ళిన ఆకులూ పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకులూ కలిపిన పుల్లటి మట్టి కావాలి. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు మాడుతుంది. ఆరేళ్ళుగా ఆయన ఇవన్నీ చంటిబిడ్డకి చేసినట్టు చేస్తున్నాడు. మోకాలెత్తు మొక్క ఏడాది పొడుగునా పచ్చగా నిగనిగలాడేది. వేసవి మొదట్లో తెల్లటి గంటల్లాంటి పూలు, చలి ముదిరేసరికి కొమ్మకొమ్మకీ గులాబీరంగు ముత్యాల్లాంటి కాయలు. వీధిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆ చూపులకి ఆమె మనసూ పొంగేది. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

నడుమెత్తు గోడకి అవతల డ్రాయింగు మాస్టారిదీ అదే మొక్క, అదే ఏడాది నాటింది. పూలు విరగబూసేవి. కాయ ఒక్కటి లేదు.

“ఏం మాస్టారూ, ఈ ఏడైనా కాయిస్తారా, లేక రంగులేసి అంటిస్తారా?”

“మీరు రోజూ మొక్కకి కీ ఇస్తారు కాబోలు. మాకా విద్య రాదు,” అని మాస్టారు నవ్వేసేవాడు.

తేనెటీగలు గోడ మీదుగా అటూ ఇటూ తిరిగేవి. “చూశావా, అక్కడ ఏమీ దొరక్క మనింటికొస్తున్నాయి,” అనేవాడు ఆయన భార్యతో.

ఈ ఏడు కాలనీ తోటల పోటీలో ఆయన మొక్కకే మళ్ళీ మొదటి బహుమతి. వరసగా మూడోసారి. చూడవచ్చిన పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, “ఇంత నిండుగా కాసిన మొక్కని నేనెక్కడా చూడలేదు. ఏం చేస్తారండీ?” అంది.

“చెయ్యి అలాంటిదండీ,” అన్నాడాయన. గోడ అవతల మాస్టారు ఆ మాట విన్నాడు.

సాయంత్రం మాస్టారే గోడ దగ్గరికొచ్చాడు. “రేపు మా గొడ్డుమొక్కని పీకేస్తానండీ. అక్కడో బల్ల వేయిస్తాను. మీ గునపం ఓసారి ఇస్తారా?” ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

“ఎందుకివ్వనూ,” అంటూ ఈయన అప్పటికప్పుడు గునపం తెచ్చి గోడ మీద పెట్టాడు.

వంటింటి కిటికీలోంచి ఇల్లాలు చూసింది. చేతులు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. మాస్టారితో రెండు మాటలు మాట్లాడి, గునపం తెచ్చి ఉన్నచోటే పెట్టేసింది.

భోజనాల దగ్గర బహుమతి కప్పు బల్ల మధ్యలో ఉంది. పెద్దావిడ అన్న మాటని ఆయన నాలుగోసారి చెబుతున్నాడు. కూతురు వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది.

“నేనొక నిర్ణయం తీసుకున్నాను,” అంది ఇల్లాలు వడ్డిస్తూనే. “మాస్టారి మొక్కని పీకనివ్వను. ఆయనకి అక్కర్లేకపోతే, వేళ్ళ మట్టి చెదరకుండా తెచ్చి మనదాని పక్కనే నాటతాను. ఆయనతో చెప్పే వచ్చాను.”

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “ఆ గొడ్డుదాన్నా? నా మొక్క పక్కనా? జాలికీ ఓ హద్దుండాలి.”

“జాలి కాదు.”

“మరేమిటి?”

ఆమె కప్పుని కొంచెం పక్కకి జరిపి, ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

“అది మగమొక్కండీ, పక్కన అది లేకపోతే మనదానికి కాయే లేదు.”