గద్దల లెక్క

చేప పేగుల గుట్ట పక్కన ముసలాయన మళ్లీ వాంతి చేసుకున్నాడు.

"థూ!" అన్నాడు దాలయ్య. "కంపు పడనోడికి మా కల్లంలో ఏటి పని?"

ముసలాయన మూతి తుడుచుకున్నాడు. ముక్కుకి తువ్వాలు బిగించుకున్నాడు. రెండు చేతులా పేగులెత్తి బకెట్టులో నింపుకుని, ఇసుకలో గొయ్యి తీసి పూడ్చాడు.

పది రోజులుగా ఇదే తంతు. తెల్లారేసరికి బరంపురం బస్సు దిగుతాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు.

దాలయ్య ఎండుచేపల కళ్లం పక్కనే ముళ్లకంచె. కంచె ఆవల విమానాలు దిగే పట్టీ. అది ఖాళీగా పడున్నన్నాళ్లూ ఊరు ఊరంతా ఆ సిమెంటు మీదే నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుంది. కొత్తగా తొమ్మిది మంది పట్టే బుల్లి విమానమొకటి రోజూ పదింటికి దిగుతోంది. మనుషులు కంచె ఇవతలికి జరిగారు.

గద్దలు జరగలేదు. వాటికి కాగితాలు చదవడం రాదు కదా!

గద్దలు తగ్గకపోతే కళ్లాలు ఎత్తించేస్తామని విమానాల ఆఫీసువాళ్లు గుంజకి కాగితం అంటించి పోయారు. కళ్లం పోతే బరంపురం బడా బజార్‌కి సరుకు లేదు. యాభై రెండేళ్ల నడుముతో దాలయ్య మళ్లీ కేరళ బోట్లలో కూలికి పోవాలి.

"ఆడి సేతిలో పుస్తకం సూసినావేటి?" అన్నాడు పక్క కళ్లం ధనరాజు. "పేగులు కప్పెట్టీసి కూకుని గద్దల్ని లెక్కెడతన్నాడు. రాసుకుని, ఫోన్లో నొక్కి ఎవుడికో పంపుతన్నాడు."

దాలయ్య చేతిలో బుట్ట కింద పెట్టేశాడు. పేగుల కంపు పుట్టినప్పటినుంచీ ఎరిగిందే. ఆఫీసోడి కంపే అతనికి పడదు.

విసవిసా ముసలాయన దగ్గరికి నడిచాడు.

"ఏటి పెద్దాయనా రాస్తన్నావు?"

"గద్దల లెక్క బాబూ. నేనొచ్చిన మొదటి రోజు ముప్పై రెండు. నిన్న పదకొండు. ఇవాళ మూడే."

"మా గద్దలతో నీకేటి పని?"

"గద్ద కిలో కూడా తూగదు. కానీ ఆ విమానం వేగానికి ఎదురు తగిలితే గుండ్రాయే. పేగులు ఎప్పటికప్పుడు పూడ్చేస్తే అవి రావు. మీ కళ్లమూ ఉంటుంది."

"సూసినావా, అచ్చం ఆఫీసు మాట!" వెనకనుంచి అరిచాడు ధనరాజు.

"నువ్వెవుడి మనిసివి?" అన్నాడు దాలయ్య.

"ఎవరి మనిషినీ కాను."

"మరి కక్కుకుంటా ఈ కంపెందుకు మోస్తన్నావు? మా కల్లం పీకించడానికి జీతమెంతిస్తన్నారేటి?"

"విమానం దిగేదాకా ఉంటాను నాయనా. దిగగానే పోతాను."

దాలయ్య పేగులు నిండిన బకెట్టు లాక్కుని ఆయన నెత్తిమీద బోర్లించాడు.

పేగులు ఇస్త్రీ చొక్కా మీంచి జారాయి. ధనరాజు పకపకా నవ్వాడు.

"ఓలమ్మో! పెద్దోడు, పాపం తగుల్తాది," అంది దాలయ్య పెళ్లాం జగ్గమ్మ.

"నీకు పాపం కావాలా, కల్లం కావాలా? నోర్ముయ్!"

ముసలాయన లేవబోయి, ఆ జిగురులో జారి తుంటి మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు. జగ్గమ్మే ఆటో పిలిచి ఎక్కించింది. ఇసుకలో పడున్న పుస్తకాన్ని ఇంటికి తెచ్చి పాక చూరులో దోపింది.

మర్నాడు పేగులెత్తే దిక్కులేదు. రెండు రోజుల గుట్ట. గద్దలు గొడుగు పట్టినట్టు తిరిగాయి.

పదింటికి ఆకాశంలో ధనామని చప్పుడు. బుల్లి విమానం తాగినోడిలా తూలింది. పట్టీ చివరంటా దొర్లి, ఎలాగో ఆగింది. ఎక్కినవాళ్లంతా బతికారు. అద్దం బద్దలై గద్ద లోపలికే వచ్చేసిందనీ, పైలట్‌కి ఎడమ కన్ను పోయిందనీ ఊళ్లో చెప్పుకున్నారు.

వారం తిరక్కుండానే జేసీబీ వచ్చి కళ్లాలన్నీ చదును చేసిపోయింది.

"అంతా ఆ ముసిలోడి రాతే," అని దాలయ్య ఉమ్మేశాడు.

రెండు నెలల తర్వాత, దాలయ్య కేరళ రైలుకి సంచి సర్దుకుంటుంటే పాక ముందు ఆటో ఆగింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న అమ్మాయి దిగింది.

"దాలయ్య బాబాయ్ మీరేనా? నా పేరు సస్మిత. మా నాన్న జగదీశ్వరరావు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన పుస్తకం ఇక్కడ పడిపోయిందట."

"ఆడి కూతురివా?" దాలయ్య గొంతు లేచింది. "మా కల్లం మింగీసాడు. ఇంకా ఏటి కావాలంట?"

ఆ అమ్మాయి తెల్లబోయింది.

"నాన్న అలా చెప్పలేదు బాబాయ్. ఆపరేషనయి తెలివొచ్చాక, తనే ఇసుకలో జారి పడ్డాననీ, మీరే ఆటో ఎక్కించారనీ చెప్పారు. రోజూ పేగులు పూడ్చేది కూడా మీరేనట, తను ఊరికే కూర్చుని లెక్కపెట్టేవారట. నిజమే అనుకున్నాను. చేప వాసనకే కక్కుకునే మనిషి!"

దాలయ్య చేతిలోని సంచి కింద పెట్టాడు.

"ఎలాగున్నాడమ్మా పెద్దాయన?" అడిగింది జగ్గమ్మ.

"మొన్న పదో రోజు అయిపోయింది పిన్నీ. మంచం మీంచి లేవనేలేదు."

జగ్గమ్మ చూరులోంచి పుస్తకం తీసి ఇచ్చింది. అట్టకి ఎండిన పేగుముక్క అంటుకుని ఉంది. ఆ అమ్మాయి అసహ్యపడకుండా గోటితో గీరింది. కళ్లద్దాలు తీసి, పుస్తకాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుంది.

ఎడమ కంటి చోట మూసుకుపోయిన రెప్ప ఉంది.

చివరి పేజీలో ఉన్నది పైకే చదివింది. "మూడు గద్దలు. ఉత్తరం పక్క. జాగ్రత్త తల్లీ."

తర్వాతి తెల్లకాగితాన్ని చేత్తో నిమిరింది.

"రోజురోజుకీ తగ్గుతున్నాయి కదా, మర్నాడు లెక్క రాకపోతే గద్దలు అసలు లేవనుకుని విమానం దించేశాను బాబాయ్."