ఇస్త్రీవాడి పది దీనార్లు

"పది దీనార్లు పెంచాల్నా? నాలుగు బంతులు ఏస్తె పది దీనార్లా? నువ్వు నా దగ్గర ఇస్త్రీ చేసెటోనివి. ఇస్త్రీ జీతమే ఇస్త!"

లాండ్రీ యజమాని లియాఖత్ ఈ మాట నలుగురిలో అన్నాడు. శుక్రవారం ఉదయం గుదైబియా పేట మొత్తం టీకి చేరే కెఫెటీరియాలో, గట్టిగా అన్నాడు. నర్సింలు మొహం మాడిపోయింది. అతనికంటే ఎక్కువ మండింది సమూయేలుకి.

సమూయేలు ఓ ఆఫీసులో గుమస్తా. బ్యాటు ఎటువైపు పట్టుకోవాలో తెలియదు గానీ, లాండ్రీ జట్టు ఆడే ప్రతి శుక్రవారం ఇసుక మైదానం పక్కన గొంతు చించుకునేది అతనే. ఏడుగురు ఇస్త్రీవాళ్ళు, ముగ్గురు డ్రైవర్లు, ఒక వంటవాడు. అలాంటి జట్టు ఫైనల్ దాకా వచ్చిందంటే, అంతా నర్సింలు ఎడమచేతి మహిమ.

లియాఖత్ మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. జట్టంతటికీ రెండు బ్యాట్లు, ఒక్క జత గ్లవ్స్. బంతి కుట్లు ఊడితే లాండ్రీలోని దర్జీ చేత కుట్టించేవాడు.

"భాయ్, ఫైనల్ రెండు నెలల్లోకి వచ్చేసిందండీ. ఆ పది పడేస్తే మీ సొమ్మేం పోద్ది?" అన్నాడు సమూయేలు.

"సొమ్మే పోతది. రిఫా కంపెనీవాళ్ళు ఇస్తరేమో పోయి అడుగుమను."

ఆ కంపెనీ పేరెత్తితే సమూయేలుకి గుండె దడ. ఫైనల్‌కి వచ్చే రెండో జట్టు వాళ్ళదే. డిసెంబరులోనే నర్సింలుని పిలిచారు. రెట్టింపు జీతం, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవడానికి ఫ్లాటు. నర్సింలు ఒప్పుకోలేదు.

"ఏజెంటు మోసం జేసి రోడ్డు మీద ఇడిసిపెడితే భాయే అన్నం పెట్టిండు. ఆయన్ని ఇడిసి యాడికి పోతనన్నా?" అన్నాడు.

ఆ రోజు సమూయేలు పొంగిపోయాడు. నర్సింలు భార్య ముత్తెమ్మ రాసిన ఉత్తరాలు చదివిపెట్టేది తనే. నాలుగేళ్ళ బిడ్డ ఇంతవరకు తండ్రిని ఫొటోలోనే చూసిందనీ తెలుసు. అయినా జట్టు బతికిందని సంతోషించాడు. అభిమానం అలాంటిది, సిగ్గెరగదు.

ఇప్పుడు అదంతా లియాఖత్ ఒక్క మాటతో తుడిచిపెట్టేశాడు. సమూయేలు ఊరుకోలేదు. ముప్పై మంది అభిమానులను కూడగట్టి మళ్ళీ లాండ్రీకి వెళ్ళాడు.

"మీరేం ఇవ్వక్కర్లేదండీ. ఆ పదీ నెలనెలా మేమే వేసుకుంటాం. నర్సింలుని ఉండమని ఒక్క మాట చెప్పండి చాలు."

"నా లాండ్రీల జీతం నేను ఇస్త. మధ్యల మీరెవరు? ఖలాస్, పోండ్రి!"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! సమూయేలు దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాడు. నెల తిరగకముందే నర్సింలు పెట్టె సర్దుకుని రిఫా వెళ్ళిపోయాడు.

ఫైనల్లో అతను లాండ్రీ జట్టులోనే ఆరుగురిని అవుట్ చేశాడు. ఆఖరి వికెట్ పడగానే ఇవతలి వైపు అంతా తలలు పట్టుకుంటే, లియాఖత్ ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పట్లకు ఖర్చు లేదు కదా! సమూయేలు ఆ రోజు నుంచి బట్టలు వేరే లాండ్రీలో వేయడం మొదలుపెట్టాడు.

రెండు వారాల తర్వాత ఓ సాయంత్రం నర్సింలు కాగితాల కట్టతో సమూయేలు గదికి వచ్చాడు.

"అన్నా, నా మీద కోపమున్నదా? ముత్తెమ్మకు, బిడ్డకు వీసా ఫారం నింపియ్యాలె."

"నీ మీద కోపమేంటయ్యా? కూర్చో." సమూయేలు కాగితాల కట్ట అందుకున్నాడు. ఓడిపోయిన కప్పు ఆ క్షణంలో గుర్తే రాలేదు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతుంటే లియాఖత్ ఇచ్చిన రిలీజు కాగితం కనబడింది.

"వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఈ రిలీజు మీద సంతకం పెట్టకపోతే ఇంకో కంపెనీకి మారడం ఈ దేశంలో కుదరదు. ఆ పిసినారి ఊరికే ఎలా పెట్టాడో!"

"ఇగ లొల్లి అయినంక కోపంల పెట్టి ఉంటడు. పీడ పోయిందనుకున్నడేమో," అన్నాడు నర్సింలు తల వంచుకుని. "గట్ల అందరి ముంగట అనకపోయుంటే నేను జన్మల కదలకపోదునన్నా."

ఫారంలో రిలీజు తేదీ రాయడానికి ఓ గడి ఉంది. సమూయేలు కలం తీసి, సంతకం కింద లియాఖత్ స్వయంగా వేసిన తేదీ చూశాడు. మళ్ళీ చూశాడు.

అది కెఫెటీరియాలో గొడవకు వారం ముందుది.